ఇంటివాళ్ళకీ దొంగకీ ఒకటే మొరుగుడు

"ఆడవాళ్ళు కంప్యూటరు ముందు కూచుంటే ఏది కనబడితే అది నొక్కేస్తారు" అని లోకంలో ఒక మాట వుంది. ఈ మాట అనే మహానుభావులు ఇంటికొకరైనా వుంటారు. మా ఇంట్లో మా మరిది. "అది కాదు వదినా, జాగ్రత్త అని అంత లావు అక్షరాలతో రాసి వుంటే చదవకుండా 'సరే' అని ఎలా నొక్కుతారు మీరంతా?" అంటాడు. 'మీరంతా' అంటే యావత్తు స్త్రీ జాతీ అన్నమాట! ఆ 'మీరంతా'కి జవాబుగానే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. తప్పు నొక్కినవాళ్ళది కాదు, అట్లాంటి హెచ్చరికలు రాసినవాళ్ళది. అంతకంటే ఎక్కువగా, వాటిని చూడకుండా నొక్కడం మనకి అలవాటు చేసినవాళ్ళది. ఇదీ నా వాదన.

ఏ హెచ్చరికలంటారా? ఏదో వెబ్‌సైటు చూస్తుంటే వచ్చేవి కావు. మన సొంత కంప్యూటర్లో, మన చేత్తో మనం దాచుకున్న ఫైలు తెరిచినప్పుడు వచ్చేవి. గోంగూర నిలవపచ్చడి పెట్టే పద్ధతి ఎక్కడో కనిపిస్తుంది, రేపు ఆ పేజీ వుంటుందో వుండదో అని భద్రం చేసుకుంటాం. పిల్లలు బళ్ళో కంప్యూటరు క్లాసు కోసం నోట్‌ప్యాడ్‌లో పాతిక వరసలు రాసి "మా వూరు" అని ఒక పేజీ తయారుచేస్తారు. గూగుల్ దగ్గర పడివున్న మన ఫొటోలూ ఉత్తరాలూ మూటకట్టి తెచ్చుకుంటే ఆ మూటలో విషయసూచికలాగా ఒక పేజీ వస్తుంది. కొన్ని బ్యాంకులు నెలనెలా లెక్క పంపేది కూడా ఇదే రూపంలో. వీటినే హెచ్.టి.ఎం.ఎల్. ఫైళ్ళంటారు. రెండుసార్లు నొక్కితే బ్రౌజరులో తెరుచుకుంటాయి, చూడ్డానికి అచ్చం వెబ్‌సైటులాగే వుంటాయి. కాకపోతే పైన చిరునామా గడిలో సైటు పేరుండదు. 'ఫైల్' అన్న మాట, మూడు ఏటవాలు గీతలు, ఆ తర్వాత మన కంప్యూటర్లో ఆ ఫైలు ఏ మూల వుందో ఆ వివరం వుంటాయి. పేజీ వీధిలోంచి రావడం లేదు, ఇంట్లోనే వుంది అని దాని అర్థం.

మరి ఇంట్లో వున్నదానికి భయమెందుకు?

బ్రౌజర్లు తయారుచేసిన మేధావులు కూడా పూర్వం సరిగ్గా ఇలాగే అనుకున్నారండీ. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ప్రపంచాన్ని మండలాలుగా పంచి, బయటినుంచి వచ్చే పేజీల మీద ఆంక్షలు పెట్టి, సొంత కంప్యూటర్లో వున్నవాటికి మటుకు అన్నిటికంటే ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చింది. పేజీలో మనకి కనిపించే రాతతో పాటు కనిపించకుండా నడిచే ఆజ్ఞలు కొన్ని వుంటాయి, వాటిని స్క్రిప్టులంటారు. ఇంటి పేజీలోని స్క్రిప్టులు అడిగిందే తడవు పని చేసుకుపోయేవి. ఇంకేం, దొంగలకి దారి దొరికింది. ఏదో మిషతో తమ పేజీని మన కంప్యూటర్లోకి దింపి అక్కణ్ణించి తెరిపిస్తే చాలు, అది ఇంటిమనిషై కూచునేది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పారు. మైక్రోసాఫ్టు వాళ్ళు ఆ తలుపు మూసింది 2004 ఆగస్టులో, విండోస్ ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్ ఇచ్చినప్పుడు.

అప్పుడొచ్చింది పసుపు పట్టీ. ఆ రోజుల్లో కంప్యూటరు వాడినవాళ్ళకి గుర్తుండే వుంటుంది. ఇంట్లో ఫైలు తెరవగానే 'ఠంగు'మని ఒక చప్పుడు, పేజీ నెత్తిన పసుపు రంగులో ఒక పట్టీ. "మీ భద్రత కోసం ఈ పేజీలో కొన్ని భాగాలు ఆపేశాం" అని దాని సారాంశం. దాన్ని నొక్కితే 'ఆపినదాన్ని అనుమతించు' అని ఒక వరస. అది నొక్కితే మళ్ళీ ఇంకో పెట్టె, "నిజంగా అనుమతించాలా?" అని. అవునంటే గాని పని జరగదు.

కాపలాకుక్క వద్దని నేను అనడం లేదు. తలుపు మూయడం మంచిపనే. కాని ఆ కుక్క మొరిగిన తీరు చూడండి. మా అమ్మాయి చేసిన 'మా వూరు' పేజీకీ అదే పట్టీ. గోంగూర పచ్చడికీ అదే పట్టీ. రష్యా నుంచో ఎక్కణ్ణించో దొంగ పంపిన పేజీకీ అదే పట్టీ, అదే రంగు, అవే మాటలు! పాలవాడొచ్చినా, పేపరువాడొచ్చినా, కన్నంవేసేవాడొచ్చినా ఒకే శ్రుతిలో మొరిగే కుక్కని పెట్టుకున్న ఇంటావిడ మూడోనాటికి ఏం చేస్తుంది? "అబ్బ, ఉండవే" అని తలుపు తీస్తుంది. పులి రాకుండానే పులి పులి అని అరిచిన పిల్లవాడి కథ మనం పిల్లలకి చెబుతాం. ఆ కథలో తప్పు పిల్లవాడిదన్నాం గాని, పరిగెత్తి పరిగెత్తి విసిగిన ఊరివాళ్ళది అనలేదే!

పైగా ఇంకో సంగతి వుంది. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగానే ఒళ్ళు మండింది. ఆ ఫైలు ఎక్కణ్ణించి వచ్చిందో యంత్రానికి తెలుసు! బయటినుంచి దిగిన ఫైలుకి విండోస్ కనిపించని ఒక చీటీ అంటిస్తుంది, 'ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది' అని. చాలాసార్లు ఏ చిరునామా నుంచి దిగిందో కూడా ఆ చీటీలో వుంటుంది. ఫైలు మీద మౌసు కుడిమీట నొక్కి 'ప్రాపర్టీస్' తెరిచి చూడండి. ఆ చీటీ వుంటే అట్టడుగున చిన్న అక్షరాలతో ఒక ముక్క కనిపిస్తుంది: ఈ ఫైలు వేరే కంప్యూటరు నుంచి వచ్చింది, అందుకని ఆపి వుండవచ్చు, అని. పక్కన 'అన్‌బ్లాక్' అని ఒక గడి. అంతే. ఏ చిరునామా నుంచి, ఏనాడు, ఎవరి మెయిల్లోంచి అన్నది అక్కడ చెప్పదు. వచ్చినవాడి పేరూ వూరూ పుస్తకంలో రాసుకుని, యజమానురాలికి మాత్రం "ఎవరో వచ్చారమ్మా" అని చెప్పే గూర్ఖాని మీరు పనిలో వుంచుకుంటారా? (ఆ చీటీ అయినా గట్టిగా అంటుకుని వుంటుందా అంటే అదీ లేదు. మనం మామూలుగా వాడే పెన్‌డ్రైవులోకి ఎక్కించి మరో కంప్యూటర్లోకి దింపితే దారిలోనే ఊడిపోతుంది.)

సరే, ఆ ఎక్స్‌ప్లోరరు కాలం చెల్లిపోయింది. 2022 జూన్ 15న దానికి మంగళం పాడేశారు. ఇప్పుడు మన ఇళ్ళల్లో వుండేవి క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్. వీటిల్లో పసుపు పట్టీ లేదు. హమ్మయ్య అనుకునేరు! అదివరకు అందరినీ చూసి మొరిగిన కుక్క ఇప్పుడు చాలాసార్లు అసలు నోరే విప్పదు. ఇంట్లో ఫైలు తెరిస్తే చిరునామా గడి పక్కన 'ఫైల్' అన్న చిన్నమాట కనిపిస్తుంది, అంతే.

ఈ మౌనం దొంగకి ఎంత అనుకూలమో చెబుతాను. "మీ ఖాతా ఆగిపోతుంది, వెంటనే వివరాలు సరిచూసుకోండి" అని ఒక మెయిలు. దానికి అంటించి ఒక హెచ్.టి.ఎం.ఎల్. ఫైలు. తెరిస్తే బ్యాంకు గుర్తు, బ్యాంకు రంగులు, పాస్‌వర్డుకి గడి, అన్నీ నిక్షేపంగా వుంటాయి. నింపి నొక్కితే మనం రాసింది తిన్నగా దొంగ చేతికి పోతుంది. ఇన్నేళ్ళుగా మనకి నేర్పిందేమిటి? సైటు పేరు చూడండి, అక్షరం తేడా వుందేమో చూడండి, తాళం బొమ్మ వుందో లేదో చూడండి. ఇక్కడ సైటు పేరే లేదు, తేడా ఎక్కడ వెతుకుతాం? చిరునామా చూస్తే మన కంప్యూటరుదే! చెడ్డ సైట్ల జాబితాతో పోల్చి చూద్దామంటే బ్రౌజరుకి మాత్రం ఏం దొరుకుతుంది? ఇక తాళం బొమ్మ సంగతి, దానివల్ల జనం లేనిపోని ధైర్యం తెచ్చుకుంటున్నారని క్రోమ్ వాళ్ళే 2023లో తీసేశారు. తీసేశారని మనకి ఎవరైనా చెప్పారా?

దొంగ విషయంలో ఇంత మెతకగా వుండే బ్రౌజరు, పిల్లల దగ్గర మాత్రం మహా కఠినం. మా అమ్మాయి 'మా వూరు' పేజీలో వూళ్ళో గుళ్ళూ, చెరువులూ, బళ్ళూ జాబితా వేరే ఫైల్లో రాసి, పేజీ దాన్ని చదువుకునేట్టు చేసింది. రెండు ఫైళ్ళూ ఒకే ఫోల్డర్లో పక్కపక్కనే వున్నాయి. తెరిస్తే శుభ్రంగా తెల్లకాగితం! హెచ్చరిక లేదు, చప్పుడు లేదు. ఎఫ్12 మీట నొక్కితే గాని తెలియలేదు, లోపలెక్కడో ఎర్ర అక్షరాలతో 'ఈ ఫైలు ఆ ఫైలుని చదవడానికి వీల్లేదు' అన్న అర్థంలో ఏదో రాసి పెట్టి వుంది. మనలాంటివాళ్ళు ఎఫ్12 నొక్కుతారా?

దీనికీ కారణం లేకపోలేదు. ఫైర్‌ఫాక్స్‌లో అదివరకు ఒకే ఫోల్డర్లో వున్న ఫైళ్ళు ఒకదాన్నొకటి చదువుకోనిచ్చేవారు. ఫోన్లో కబుర్లాడుకునే యాప్ ద్వారా ఎవడో పంపిన పేజీని తెరిస్తే, మిగతా స్నేహితులు పంపినవి కూడా అక్కడే దిగి వుంటాయి కనక, వాటి పేర్లు ఊహించి అది చదివేయగలదని తేలింది. దాంతో 2019 జూలైలో వచ్చిన 68వ ఫైర్‌ఫాక్స్‌లో ఆ దారి మూసేశారు. క్రోమ్ అంతకుముందే మూసింది. మూయడం న్యాయమే. చెప్పకుండా మూయడం ఏం న్యాయం? కారణం తెలియని పిల్ల నెట్లో వెతికితే దొరికే సలహా ఏమిటో తెలుసా? బ్రౌజరు భద్రత మొత్తం ఆపేసి నడపమని! ఒక గది తాళం పడలేదని ఇంటి తలుపులన్నీ పీకి పెరట్లో పెట్టమన్నట్టు. మా అమ్మాయి వాళ్ళ టీచరు మంచావిడ, అది వద్దని చెప్పి, పైథానుతో ఇంటి కంప్యూటర్లోనే చిన్న సర్వరు నడుపుకునే పద్ధతి నేర్పింది. ఒక్క వరస ఆజ్ఞ. పేజీ చక్కగా వచ్చింది, గుళ్ళూ చెరువులూ సహా. ఆ ఒక్క వరసా ఆ తెల్లకాగితం మీదే రాసి వుంటే బ్రౌజరు సొమ్మేం పోయేది?

ఇక బ్యాంకుల సంగతికి వస్తాను. అసలు కోపం నాకు అక్కడ వుంది.

మా అత్తగారి పింఛను పడే బ్యాంకు ఒకటుంది. పేరెందుకులెండి. నెలనెలా ఆవిడ లెక్క మెయిల్లో పంపుతారు, హెచ్.టి.ఎం.ఎల్. ఫైలుగా. తెరిస్తే పాస్‌వర్డు అడుగుతుంది. ఆ పాస్‌వర్డు ఏమిటయ్యా అంటే పేరులో మొదటి 4 అక్షరాలు, పుట్టిన తేదీ. మా అత్తగారి పేరూ పుట్టినరోజూ మా వీధి వీధంతటికీ తెలుసు! పోనీ అదీ అట్లా వుంచండి. ఆ మెయిలు చివర ఒక సూచన: "పసుపు పట్టీ కనిపిస్తే దానిపై నొక్కి అనుమతించండి" అని. పట్టీతో పాటు బ్రౌజరే పోయి ఏళ్ళయింది, వాళ్ళ సూచన మాత్రం చిరంజీవి. అదే బ్యాంకు వారానికోసారి ఫోనుకి సందేశం పంపుతుంది, అపరిచితుల నుంచి వచ్చే అటాచ్‌మెంట్లు తెరవకండి, పాస్‌వర్డు ఎక్కడా ఇవ్వకండి అని. ఒక చేత్తో 'తెరవకు' అంటారు, ఇంకో చేత్తో 'తెరువు, హెచ్చరిక వస్తే పట్టించుకోకు, పాస్‌వర్డు కొట్టు' అంటారు. మా అత్తగారు ఏది వినాలి? దొంగ పంపే మెయిలు సరిగ్గా ఈ అలవాటు మీదే బతుకుతోంది. బ్యాంకు పంపిన ఫైలూ వాడు పంపిన ఫైలూ ఒకే పోలిక. తెరిచే పద్ధతీ ఒకటే. బ్యాంకువాళ్ళు ఏళ్ళ తరబడి ఉచితంగా తరిఫీదు ఇచ్చారు, వాడు వచ్చి కోత కోసుకుపోతున్నాడు.

కోత కోసుకుపోయాక ఏమంటారు? "మీరే నొక్కారుగా!" అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్నట్టు, బ్యాంకు పొరపాటు 'సాంకేతిక లోపం', మన పొరపాటు 'అజాగ్రత్త'.

ఇక్కడ మా మరిదికి రెండు విషయాలు చెప్పాలి. నా ఊహలు కావు, కంప్యూటరు పండితులు తేల్చినవే. మైక్రోసాఫ్టులోనే పనిచేసే కార్మాక్ హెర్లీ అనే పరిశోధకుడు 2009లో ఒక వ్యాసం రాశాడు. జనం భద్రతా సలహాలు పట్టించుకోకపోవడం మూర్ఖత్వం కాదు, ఆ సలహాలు పాటించడానికి పట్టే సమయమూ శ్రమా లెక్కవేస్తే అది సబబైన నిర్ణయమే అని ఆయన వాదన. రెండోది 2013లో. దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అనే ఇద్దరు రెండున్నర కోట్లకు పైగా హెచ్చరికలకి జనం ఏం చేశారో లెక్కించారు. అవి వెబ్‌సైట్ల మీద వచ్చే హెచ్చరికలు, ఇంటి ఫైళ్ళవి కావు. అయినా పాఠం ఒకటే. సైటు ధ్రువపత్రం సరిగ్గా లేదన్న హెచ్చరిక క్రోమ్‌లో వస్తే నూటికి 70 మంది దాటుకుని వెళ్ళిపోయారట, ఫైర్‌ఫాక్స్‌లో వస్తే 33 మందేనట. సైటులో వైరస్ వుంది, మోసం వుంది అన్న హెచ్చరికల దగ్గరైతే రెండిట్లోనూ పాతికమంది లోపే. అంటే సూటిగా చెబితే జనం ఆగుతున్నారన్నమాటేగా? మనుషులు నిర్లక్ష్యంగా వుంటారన్నదే నిజమైతే బ్రౌజరు మారగానే ఆ నిర్లక్ష్యం సగానికి సగం ఎలా తగ్గిపోయింది? మా మరిది దీనికి జవాబు చెప్పకుండా కాఫీ అడిగాడు.

ఇంకొకటి కూడా మీ చెవిన వేస్తాను. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులరు ఇచ్చింది. మనకి తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోయినప్పుడు, తప్పు ఖాతాదారుదే అని నిరూపించవలసిన భారం బ్యాంకుదే అని అందులో స్పష్టంగా వుంది. అయితే పాస్‌వర్డు మనమే ఎవరికైనా ఇచ్చామని తేలితే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మనమే భరించాలి. అంచేత, పోయిందని తెలిసిన నిమిషంలో బ్యాంకుకి చెప్పాలి, 1930కి ఫోను చెయ్యాలి. ఇంట్లో ఎవరేమంటారో అని నాలుగు రోజులు నోరు మూసుకుని కూచోకూడదు. ఇంట్లోవాళ్ళ 'మీరే నొక్కారుగా' అన్న ఎత్తిపొడుపు చేసే అసలు నష్టం అదే. ఆడమనిషి భయపడి దాచిపెడుతుంది, ఆ గంటల్లో దొంగ నింపాదిగా సర్దుకుంటాడు.

మరి అందాకా ఏం చెయ్యాలంటారా? నా మట్టుకు నేను హెచ్చరిక మాటలు చదవడం మానేశాను. ఫైలు ఎవరిచ్చారు అన్నది ఒక్కటే చూస్తాను. మా అమ్మాయి చేసిందా, నేను దాచుకున్నదా, తెరుస్తాను. ఏదైనా ఆపితే ఆ ఒక్క ఫైలుకే, ఆ ఒక్కసారికే అనుమతిస్తాను. మొత్తం హెచ్చరికలే రాకుండా చెయ్యమని ఎంత తెలిసినవాళ్ళు చెప్పినా ససేమిరా వినను. మెయిల్లో వచ్చిన హెచ్.టి.ఎం.ఎల్. ఫైలు ఎంత పెద్దమనిషి పేరుతో వచ్చినా తెరవను. అందులో పాస్‌వర్డు గడి వుంటే, హెచ్చరిక వచ్చినా రాకపోయినా, అందులో ఒక్క అక్షరం రాయను. లెక్క కావాలంటే బ్యాంకు సైటు పేరు నేనే కొట్టుకుని వెళ్ళి చూసుకుంటాను.

కాని ఇదంతా నేను పడే పాటు. పడవలసినవాళ్ళు వేరే వున్నారు. అందుకే మా అత్తగారి చేత బ్యాంకుకి ఒక ఉత్తరం రాయించాను. ఆవిడే చెప్పారు, నేను రాశాను, ఆవిడ సంతకం చేశారు. "అయ్యా, నా వయసు 74. మీరు పంపే ఫైలుకీ దొంగ పంపే ఫైలుకీ తేడా నాకు తెలియడం లేదు. తెలిసే మార్గం మీరే చూపించండి. అందాకా నా లెక్క పీడీఎఫ్‌గా గాని, కాగితం మీద గాని పంపండి. మీ మెయిలు చివర పసుపు పట్టీ నొక్కమన్న వాక్యం తీసెయ్యండి" అని. కవరు పట్టుకుని ఆవిడే స్వయంగా వెళ్ళారు. మేనేజరు చదివి, "ఇది హెడ్డాఫీసు వ్యవహారం మామ్మగారూ, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నాడట. "సరే నాయనా, అందిందని సంతకం చేసి ముద్ర వెయ్యి" అని అడిగి, ముద్ర వేసిన నకలు తెచ్చి బీరువాలో పట్టుచీరల కింద పెట్టారు. వచ్చే నెల మొదటివారంలో మళ్ళీ వెళతారట. ఈసారి పక్కింటి పిన్నిగారూ, ఎదురింటి రిటైరైన టీచరమ్మగారూ కూడా తోడు బయలుదేరుతున్నారు, ఎవరి ఉత్తరాలు వాళ్ళు రాసుకుని.